తిన్నాక చెబుదామనుకున్న మాట

నేను బతికే ఉన్నాను. ఆ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. మా ఇంటి పద్ధతిలో అయితే ఇంత పెద్ద విషయం మొదటి వాక్యంలో చెప్పరు. ముందు ఎండల గురించి అడుగుతారు. కూరేం వండుకున్నారని అడుగుతారు. మీరు అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలు అందుకున్నాక అప్పుడు అసలు మాట బయటపెడతారు. ఈ ఏడు నా గొంతులో ఒక జబ్బు బయటపడింది. దాని పేరు నా చెవిన పడేలోపు పంతొమ్మిది రోజులు మా ఇంట్లో ఎండల గురించీ కూరల గురించీ మాత్రమే మాట్లాడుకున్నాం. ముఖ్యంగా ఆ పంతొమ్మిది రోజుల గురించే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పద్ధతి ఉంటే పనికొస్తుంది. లేకపోతే కాసేపు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది భీమవరం వైపు. శంషాబాద్ వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకుల గోదాముకు మేనేజరుని. మేనేజరంటే మరేం లేదు, పొద్దున ఎనిమిదింటి నుంచి లారీ డ్రైవర్ల మీదా కూలీల మీదా అరవడానికి జీతం తీసుకునే మనిషి. నా గొంతు అలాంటిది. ఈ చివర నిలబడి "ఆగవయ్యా" అంటే ఆ చివర సరుకులు ఎత్తే బండి ఆగేది. ఒకసారి రన్‌వే మీద విమానం కూడా ఆగిందని మా కూలీలు చెప్పుకునేవారు. నేను ఖండించలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ గొంతుకు విశ్రాంతి ఉండేది కాదు. నాకూ మా ఆవిడ సత్యకూ పెళ్లయి ఇరవై ఆరేళ్లు. ఈ ఇరవై ఆరేళ్లూ మేం మాట్లాడుకున్న మాటలు గుట్టగా పోస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద రెండు వైపులా రాకపోకలు బంద్ అవుతాయి. కానీ ఆ గుట్టలో విషయాలు నాలుగే. ఎండ లేదా వాన. పొద్దున ఏం తిన్నాం, రాత్రి ఏం తింటాం. గ్యాస్ బండ వచ్చిందా, ఇస్త్రీ బట్టలు తెచ్చారా. ఏడున్నర సీరియల్లో ఇవాళ ఏమవుతుంది. ఇవి కాక మనసులో ఏమన్నా ఉంటే, ఈ నాలుగింటి కిందనే ఎక్కడో కుక్కి చెప్పేవాళ్లం. "వంకాయలు బాగా లేవండీ" అని ఆవిడ అంటే కోపంగా ఉందని అర్థం. "వాన పడేలా ఉంది" అని నేనంటే క్షమించమని అర్థం. మా మీదుగా ఐదు నిమిషాలకో విమానం వెళుతుంది. అది వెళ్లేదాకా వాక్యం మధ్యలో ఆగి, వెళ్లాక అక్కణ్ణుంచే అందుకోవడం కూడా మాకు అలవాటే.

ఇంటి యజమాని యాదగిరి కింద ఉంటాడు, మేం పై అంతస్తులో. నేను యాదన్నా అంటాను, అతను నన్ను సారూ అంటాడు. ఎయిర్‌పోర్టు రాకముందు నుంచీ వాళ్లది ఇక్కడే వ్యవసాయం. ఇప్పటికీ ఆరు గేదెలున్నాయి. మాట చెప్పడానికి ముందు ఎదుటివాడి ముఖం ఎలా ఉందో చూసే అలవాటు అతనికి లేదు.

*

జనవరి ఆఖర్లో గొంతు బొంగురుపోయింది. చలిగాలి అన్నాం. సత్య మిరియాల పాలు ఇచ్చింది. ఫిబ్రవరిలోనూ తగ్గలేదు. చలి వెళ్లి ఎండ వస్తోంది కదా, మార్పు పడలేదన్నాం. మజ్జిగ ఇచ్చింది. మార్చి వచ్చింది, ఎండలు ముదిరాయి, వేడి చేసిందన్నాం. సబ్జా గింజలు ఇచ్చింది. ఒకే గొంతుకు మూడు కాలాల మీద నింద వేశాం. పాపం వాతావరణం నోరు మెదపలేదు.

భీమవరం నుంచి మా అక్కయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. అక్కడ ఉక్కపోత, ఇక్కడ ఎండ, అక్కడ బీరకాయ, ఇక్కడ దొండకాయ. నా గొంతు విని ఫ్యాను కింద పడుకోవద్దంది. అలాగేనన్నాను. అప్పటికే నా మాట, సిమెంటు నేల మీద ఇనప మంచం ఈడ్చినట్టుంది. గోదాములో అరిస్తే గాలి మాత్రమే వచ్చేది. కూలీలు మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, నేను నోరు తెరవకముందే పనులు చేసిపెట్టడం మొదలుపెట్టారు. ఆ మర్యాద చూశాకే నాకు మొదటిసారి భయమేసింది.

మార్చి రెండో వారంలో గొంతు డాక్టరు దగ్గరకు వెళ్లాం. ముప్పై ఐదేళ్లు మించని అమ్మాయి. ముక్కులోంచి సన్నటి గొట్టం ఒకటి పంపింది. ఆ గొట్టం పొడవు మా గోదాములో తాళ్ల చుట్టకు తక్కువ ఉండదు. అప్పటిదాకా చకచకా ప్రశ్నలు వేసిన మనిషి, లోపల చూస్తూ చూస్తూ చాలాసేపు ఆగింది. గొట్టం బయటికి తీసింది, చేతులు కడుక్కుంది, కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అడిగింది.

"శంషాబాద్‌లో ఎండలు ఎలా ఉన్నాయండీ?"

నేను సత్య వైపు చూశాను. ఆవిడ చేతిసంచి ఒళ్లోకి లాక్కుంది. ఇరవై ఆరేళ్లు అదే భాషలో సంసారం చేసినవాళ్లం, మాకు అనువాదం అక్కర్లేదు. బాగానే ఉన్నాయన్నాను. అప్పుడు చెప్పింది, స్వరపేటికలో ఒక పక్కన ఏదో పెరిగిందనీ, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ. ముక్క తీశారు. వారంలో రిపోర్టు వస్తుందన్నారు.

*

ఇక్కడ మా పద్ధతి గురించి కాస్త చెప్పాలి. మా వైపు, ముఖ్యంగా మా ఇంట్లో, ఆకలితో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పరు. ముందు తినిపిస్తారు. మా నాన్న పోయిన రోజు నేను కాలేజీ హాస్టల్లో ఉన్నాను. మా బాబాయి వచ్చాడు. ఎందుకొచ్చావంటే ఊరికే అన్నాడు. నాతో మెస్సుకు వచ్చి, ఎదురుగా కూర్చుని, పప్పు వేసుకో అన్నాడు, పులుసు పోసుకో అన్నాడు, ఇంకొంచెం పెరుగు వేసుకోరా అన్నాడు. అంత మర్యాద మా బాబాయి జన్మలో చేయలేదు. చెయ్యి కడుక్కుని వచ్చాక చెప్పాడు. ఆ పెరుగన్నం ఇంకా నా గొంతులోనే ఎక్కడో ఉందని నాకు అనుమానం. స్కానింగులో కనపడలేదంతే.

రిపోర్టు తెచ్చే రోజు నాకు గోదాములో అర్జంటు పని ఉందని సత్యను పంపాను. అర్జంటు పని ఏమీ లేదు. భయమేసింది, అంతే. మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, టీవీలో ఏదో వంటల కార్యక్రమం పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటకు సత్య వచ్చింది. చేతిసంచి పడకగది తలుపు వెనక మేకుకు తగిలించింది. మంచినీళ్లు తాగింది. తిరిగి నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"ఎండ మండిపోతోందండీ. ఆటోలో కూర్చుంటే కాలిపోయింది. తిన్నారా?"

ఆ చివరి మాట ఆవిడ రోజుకు నాలుగుసార్లు అంటుంది. ఇరవై ఆరేళ్ల లెక్కన చూస్తే దాదాపు నలభై వేలసార్లు అని ఉంటుంది. ఈసారి మాత్రం ఆ మాట మా బాబాయి గొంతుతో వినిపించింది.

"లేదు. ఆకలిగా లేదు," అన్నాను.

"కొంచెమన్నా తినండి. వడ్డిస్తాను."

"తర్వాత తింటాలే."

మీద నుంచి విమానం వెళ్లింది. అది వెళ్లిపోయాక ఆవిడ మాట అందుకోలేదు. వంటింట్లోకి వెళ్లింది. గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది. అప్పుడే నాకు దారి దొరికింది. నేను తిననంత కాలం ఆవిడ చెప్పదు. చెప్పనంత కాలం నాకేం లేదు.

అలా మొదలైంది. నేను ఇంట్లో అన్నానికి కూర్చోవడం మానేశాను. పొద్దున ఆలస్యమైందని వెళ్లిపోయేవాణ్ని. రాత్రి ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు అని చెప్పేవాణ్ని. ఆ మార్చిలో మా గోదాములో పుట్టినంతమంది మనుషులు ఏ ప్రసూతి ఆసుపత్రిలోనూ పుట్టి ఉండరు. నిజానికి బస్టాండు వెనకాల ఒక బండి దగ్గర ఇడ్లీయో బజ్జీయో నిలబడి తినేవాణ్ని, దొంగలా అటూ ఇటూ చూసుకుంటూ. భార్యకు తెలియకుండా తాగేవాళ్లను చూశాను. భార్యకు తెలియకుండా ఇడ్లీ తిన్నవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను.

సత్య ఊరుకోలేదు. రెండో రోజు గుత్తివంకాయ చేసింది. నాలుగో రోజు గోంగూర, పక్కన ఉల్లిపాయతో. ఆరో రోజుకు ముద్దపప్పు, ఆవకాయ, అప్పడాలు, కాచిన నెయ్యి. వాసన మెట్ల దాకా వచ్చేది. నేను దాంట్లోంచి జబ్బు ఎంత ముదిరిందో లెక్కగట్టడం మొదలుపెట్టాను. గుత్తివంకాయ అంటే మందులతో పోతుంది. గోంగూర అంటే ఆపరేషన్. ముద్దపప్పు రోజు నేను మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ ఉండిపోయాను. పదకొండో రోజు ఆవిడ ఎక్కడెక్కడో వెతికి పనసపొట్టు తెచ్చి, ఆవ పెట్టి కూర చేసింది. మా వైపు అది పెళ్లిళ్లకు చేసే కూర. ఇక నాకు వారం రోజులకు మించి లేదని అర్థమైపోయింది. నోట్లో నీళ్లూ కళ్లలో నీళ్లూ ఒకేసారి తిరిగాయి. "ఆకలిగా లేదు సత్యా," అన్నాను. ఆ కూర మర్నాడు యాదన్న గేదెలు తిన్నాయి.

సంచి మాత్రం అక్కడే ఉంది, తలుపు వెనక. లోపలి గోధుమరంగు కవరు అంచు కొంచెం బయటికి కనిపించేది. చెయ్యి చాపితే అందేది. ఎవరూ లేనప్పుడు తీసి చదవవచ్చు. పంతొమ్మిది రోజుల్లో ఒక్కసారీ ముట్టుకోలేదు. అందులో పాము ఉన్నట్టు, తలుపు దగ్గర గోడవారగా నడిచేవాణ్ని. చొక్కా తీసుకోవాలన్నా సత్యనే అడిగేవాణ్ని. ఆవిడ కూడా ఆ రోజుల్లో ఎక్కడికి వెళ్లినా చేతిసంచి తీసుకెళ్లలేదు. కూరగాయలకు ప్లాస్టిక్ కవరు పట్టుకెళ్లేది.

మాటలకు మాత్రం కరువు లేదు. అంతకుముందు కంటే ఎక్కువ మాట్లాడుకున్నాం. నా గొంతు గుసగుసకు పడిపోయినా, గుసగుసలోనే ఎండ ఎన్ని డిగ్రీలుందో చెప్పుకున్నాం. బోరులో నీళ్లు తగ్గాయని, ఇస్త్రీ అతను చొక్కా కాలర్ కాల్చాడని, తుక్కుగూడ వైపు మబ్బు పట్టిందని, అదిక్కడికి రాదని. ఒక్క నిమిషం ఖాళీ వస్తే ఇద్దరం కంగారుపడి ఒకేసారి ఏదో అనేసేవాళ్లం. ఆ ఖాళీలో ఆ మాట ఉండేది కదా మరి.

ఏడున్నరకు సీరియల్ చూసేవాళ్లం. అందులో ఒక మామగారు ఆరు వారాలుగా ఆసుపత్రి మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. మేము ఆయన ఆరోగ్యం గురించి చర్చించినంతగా ఆ సీరియల్ తీసేవాళ్లు కూడా చర్చించి ఉండరు. ఒక సాయంత్రం సత్య బీన్స్ తుంచుతూ, టీవీ వైపే చూస్తూ అడిగింది.

"ఆయన బతుకుతాడంటారా?"

"ఆ నటుడికి వేరే సీరియల్ దొరక్కపోతే బతుకుతాడు," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. చేతిలో బీన్స్‌కాయ తుంచకుండా చాలాసేపు పట్టుకుంది. ప్రకటనలు వచ్చాయి. అప్పుడు కూడా టీవీ వైపే చూస్తోంది.

ఇదంతా తమాషాగా రాస్తున్నాను గానీ, పదిహేనో రోజు బండి దగ్గర ఇడ్లీ ముక్క గొంతులో దిగలేదు. నీళ్లు తాగితే అవి ముక్కులోంచి వచ్చాయి. అక్కడే గోడకు ఆనుకుని నిలబడి దగ్గాను. బండి అతను వీపు రాశాడు, ఏమీ అడగలేదు. గుప్పెడు పల్లీలు ఇవ్వబోయి, నా ముఖం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ వెనక్కి వెళ్లిన చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అయినా ఆ రాత్రి కూడా ఇంటికి వెళ్లి ఆకలిగా లేదనే చెప్పాను.

*

ఏప్రిల్ మొదటి వారం. పొద్దున ఆరున్నర. డాబా మీద నిలబడి పళ్లు తోముకుంటున్నాను. యాదన్న మెట్లెక్కి వచ్చాడు. చేతిలో పాల చెంబు లేదు, అద్దె రోజు కూడా కాదు.

"అన్నా," అన్నాడు. ఎప్పుడూ సారూ అనేవాడు. "నోట్లది ఉమ్మెయ్. ఒక మాట చెప్త."

నేను చేత్తో ఆగమన్నట్టు సైగ చేశాను. అతను ఆగలేదు.

"నీకు గొంతుల క్యాన్సర్ ఉన్నదంట. నిన్న మేడమ్ మా ఇంటామె ముంగట గేదెల కాడ కూసొని ఏడ్చింది. నీకు చెప్తానికి ఆమెకు ధైర్యం సాల్తలేదు. ఇగ నేను చెప్తున్న."

ఎండ అప్పుడే డాబా అంచు మీదకి వస్తోంది. నోట్లో నురగ అలాగే ఉంది. ఉమ్మేసి, ఇప్పటికీ సిగ్గుపడే మాట ఒకటి అన్నాను.

"నేనింకా ఏమీ తినలేదు, యాదన్నా."

అతను నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నువ్వు తిన్నా తినకున్నా అది నిన్ను తింటనే ఉన్నది. మా బాపుకు గిట్లనే నాలికె మీద లేసింది. ఇయ్యాల పోదాం, ఎల్లుండి పోదామనుకుంట మూడు నెలలు గడిపినం. దవాఖానకు పోయేటాలకు ఇగ చేసేదేం లేదన్నరు. బండి తీస్తున్న. పది నిమిషాలల్ల కిందికి రా."

నేను లోపలికి వెళ్లాను. సత్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మా మాటలు విన్నట్టుంది. ఆవిడ చేతిసంచి భుజానికి వేసుకుని ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఎండ గురించి కూడా.

*

పెద్దాసుపత్రిలో మమ్మల్ని చూసినాయన వయసు మళ్లిన డాక్టరు. రిపోర్టు చదివాడు, మీద ఉన్న తేదీ చూశాడు, కళ్లద్దాలు తీశాడు.

"ఇది వచ్చి పంతొమ్మిది రోజులైంది. ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?"

నేను సత్య వైపు చూశాను. సత్య నేల వైపు చూసింది. "ఈయన అన్నం తినలేదండీ," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఎలా అవుతుంది? మళ్లీ అడగలేదు. జబ్బున్న భాగం కోసి తీయాలన్నాడు. ఒక పక్క వరకే ఉంటే సగం గొంతు మిగులుతుందనీ, లోతుకు వెళ్లి ఉంటే స్వరపేటిక మొత్తం తీసేయాల్సి రావచ్చనీ, అది లోపల చూశాకే తెలుస్తుందనీ చెప్పాడు. మొత్తం తీసేస్తే మాట ఉండదు, మెడ దగ్గర ఒక రంధ్రం ఉంటుంది. ఇవన్నీ ఆయన మా యాదన్నలాగే చెప్పాడు. ఎండల ఊసెత్తలేదు.

ఆపరేషన్‌కు ముందు పరీక్షల కోసం ఆ వారమంతా అక్కడి వరండాలో కూర్చున్నాం. అది కూడా ఒక ఊరే. అక్కడ ఎవరూ ఎవరినీ జబ్బేమిటని అడగరు. ఏ ఊరు, టిఫినేం చేశారు, బస్సు దొరికిందా, మీ వైపు వాన పడిందా. ఆ మాటలన్నీ వింటుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. ఆసుపత్రి మొత్తం మా ఇంటి పద్ధతిలోనే నడుస్తోంది.

నా పక్కన బాలాపూర్ పెద్దమనిషి ఒకాయన కూర్చునేవాడు. తెల్లటి పంచె, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని. ఆయనకు గొంతు పూర్తిగా తీసేశారు. ఒళ్లో చిన్నపిల్లల పలక ఉండేది. మొదటిరోజు నన్ను చూసి చిరునవ్వు నవ్వి, బలపంతో రాసి చూపించాడు. "ఎండ ఎక్కువుంది." నేను తల ఊపాను. గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. "తిన్నవా?" నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ఆయనకేం తెలుసు పాపం. తన కూతురు తెచ్చిన డబ్బాలోంచి, తాను మింగలేని సేమియా పాయసం నాకు గ్లాసులో పోసి ఇచ్చాడు. తాగేదాకా చూస్తూ కూర్చున్నాడు. తాగాక నేను ఎదురు చూశాను, ఇప్పుడేం చెబుతాడోనని. ఏమీ చెప్పలేదు. పలక తుడిచి పక్కన పెట్టుకున్నాడు.

ఆయన్ను చూస్తే నాకు భయం. చూడకుండా ఉండలేను. బలపం పలక మీద కీచుమన్నప్పుడల్లా నా చెయ్యి నా మెడ మీదికి పోయేది. నాలుగో రోజు ఆయన రాలేదు. ఐదో రోజూ రాలేదు. ఆ కుర్చీలో ఎవరో ఫైలు పెట్టారు. ఆయన గురించి ఎవర్ని అడగాలో నాకు తెలియలేదు, పేరు కూడా అడగలేదు నేను.

ఆ ఖాళీ కుర్చీ పక్కనే సత్య ఆ మాట చెప్పింది. ఎప్పటిలా ఏ వంకాయ వెనకా దాచలేదు.

"మీరు తినకపోతే నాకు కోపం వచ్చిందనుకున్నారు కదా. రాలేదండీ. మీరు ఆకలి లేదన్న ప్రతిసారీ హమ్మయ్య అనిపించేది. ఇవాళ్టికి చెప్పక్కర్లేదు కదా అని. పనసపొట్టు చేసిన రోజు మీరు ఎక్కడ తినేస్తారోనని వణికిపోయాను."

"మరి ఎందుకు చేశావు?"

"చేయకపోతే ఎలా, మీకిష్టం కదా."

పంతొమ్మిది రోజులూ నేనొక్కణ్నే తప్పించుకు తిరుగుతున్నానని అనుకున్నాను. మేం ఇద్దరం చెరో వైపు పట్టుకుని ఆ తలుపు మూసి ఉంచాం. ఆవిడ చేతిని పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎదురుగా ఎవరో ఎవరినో హిమాయత్ సాగర్‌లో నీళ్లెంతున్నాయని అడుగుతున్నారు.

*

ఏప్రిల్ మూడో వారంలో ఆపరేషన్ అయింది. దాని గురించి నాకు తెలిసింది తక్కువ. పైన దీపాలు, మత్తు సూది, ఎవరో నన్ను అంకెలు లెక్కపెట్టమన్నారు. నేను మూడు దాకా లెక్కపెట్టాను. నా పాత గొంతుతో నేనన్న చివరి మాట మూడు. ఇంత మాటకారికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

మెలకువ వచ్చాక మొదట చేసిన పని మెడ తడుముకోవడం. రంధ్రం లేదు. సత్య నా చెయ్యి పట్టుకుని కిందికి దించి, సగం ఉందండీ, సగం ఉంచారు అంది. రెండు వారాలు నోరు మెదపకూడదన్నారు. గుసగుస కూడా వద్దన్నారు, అది మరీ చెడ్డదట.

ఆ రెండు వారాలు ఇంట్లో సత్య ఒక్కతే మాట్లాడింది. ఎండ గురించి చెప్పి, నేనేమంటానో తనే ఊహించుకుని, దానికి జవాబు చెప్పేది. నేను నోటుపుస్తకంలో రాసి చూపిస్తే అద్దాలు వెతుక్కునేది. అవి దొరికేలోపు సంగతి పాతబడిపోయేది. అక్కయ్యకు జలుబని చెప్పాం. ఆవిడ వయసుకు తట్టుకోలేదనుకున్నాం. చూశారా, నాకు బుద్ధి రాలేదు. మూడో రోజున యాదన్న నా ముందే ఫోన్ తీసుకుని అక్కయ్యకు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ ఏడ్చి, తర్వాత అతన్ని మీ గేదెలెన్ని లీటర్లిస్తాయని అడిగింది. అతను చాలాసేపు చెప్పాడు.

తీసిన ముక్క అంచుల్లో జబ్బు కణాలు లేవని రిపోర్టు వచ్చింది. ఆ కవరు నేనే తెచ్చుకున్నాను. కౌంటరు దగ్గరే నిలబడి, పరగడుపున, చించి చదివాను. డాక్టరుగారి గదిలో నోటుపుస్తకంలో ఒక ప్రశ్న రాసి చూపించాను. ఆ పంతొమ్మిది రోజుల వల్ల ఏమైనా నష్టం జరిగిందా అని. ఆయన అబద్ధం చెప్పలేదు.

"జరిగి ఉండకపోవచ్చు. జరిగి ఉండవచ్చు కూడా. మీ గొంతులో ఇంకొక వీసమెత్తు మిగిలి ఉండేదేమో, నేను చెప్పలేను. ఇప్పటికి బాగుంది. నెలనెలా రండి."

ఇప్పటికి అన్న మాటను నేను ఇంటికి మోసుకొచ్చాను. దాన్ని తలుపు వెనక మేకుకు తగిలించలేదు. సత్యకు దారిలో ఆటోలోనే చెప్పేశాను, రాసి. ప్రతి నెలా వెళుతున్నాను. ప్రతి నెలా ముందురోజు నుంచే భయం మొదలవుతుంది. అది పోలేదు, పోతుందని కూడా ఎవరూ చెప్పలేదు. ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరికైనా గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉంటే కాలాన్ని తిట్టకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో ఎవరి రిపోర్టయినా మీ దగ్గరుంటే వంట పెట్టుకోకండి. ముందు చెప్పండి. అన్నం తర్వాతైనా దిగుతుంది, నాకు దిగింది.

రెండు వారాల గడువు మే మొదట్లో ఒక సాయంత్రం ముగిసింది. ఇక మాట్లాడవచ్చన్నారు. గట్టిగా కాకుండా, ఇంట్లో, ఒక్కో మాటగా. సత్యకు మాత్రం గడువు మర్నాడు ముగుస్తుందని రాసి చూపించాను. తీరా నోరు తెరిస్తే ఏమీ రాకపోతే ఆవిడ ముఖం చూడలేనని భయం. ఆవిడ వంటింట్లో ఉంది. నేను వరండాలో కుర్చీలో కూర్చున్నాను. ఉన్నట్టుండి గాలి లేచింది, దుమ్ము లేచింది, నాలుగు పెద్ద చినుకులు పడ్డాయి. డాబా మీద బట్టలున్నాయి. ఏమీ ఆలోచించలేదు.

"సత్యా, బట్టలు తడుస్తున్నాయి," అన్నాను. గొంతు వచ్చింది, సన్నగా, గాలి కలిసి.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. సత్య చేతులు తుడుచుకుంటూ, పమిట సర్దుకుంటూ గబగబా వరండాలోకి వచ్చింది. నన్ను దాటి మెట్ల గుమ్మం వైపు చూసింది.

"ఎవరండీ వచ్చింది?" అంది.

నేను కూడా గుమ్మం వైపు చూశాను.